పాత పికప్‌కి కొత్త ఇంజను వేశాక డ్రైవ్‌షాఫ్ట్ ఏది తీసుకోవాలి?

ఇంజను దిగింది, గేర్‌బాక్స్ దిగింది, వైరింగ్ అయిపోయింది, తాళం తిప్పితే స్టార్ట్ కూడా అయింది. అయినా బండి గ్యారేజీలోంచి కదలదు. గేర్‌బాక్స్ తోకకీ వెనక యాక్సిల్‌కీ మధ్య ఇంకా ఖాళీయే ఉంది. ఆ ఖాళీలో తిరుగుతూ ఇంజను శక్తిని వెనక యాక్సిల్‌కి అందించే గొట్టమే డ్రైవ్‌షాఫ్ట్. పాతది తెచ్చి పెట్టి చూస్తే రెండంగుళాలు ఎక్కువో, తక్కువో. పాత పికప్‌లో ఇంజను మార్చిన ప్రతివాళ్లూ ఈ చోటికొచ్చి ఆగుతారు. అప్పటికి చేతిలో డబ్బులుండవు, ఓపిక అంతకన్నా ముందే అయిపోయి ఉంటుంది. దాంతో దొరికిన షాఫ్ట్ ఏదో బిగించేసి, తర్వాత నెలల తరబడి వణుకుతున్న బండిని నడుపుతుంటారు.

నేను డాలస్ పక్కన ఉంటాను. నాది 1971 షెవర్లే సీ10, పొడుగు బెడ్ (వెనక సామాను వేసే తొట్టి) ఉన్న బండి. మా ఫ్రెండ్‌ది 1969 సీ10, పొట్టి బెడ్. ఇద్దరం ఒకే రకం మార్పు చేశాం: పాత 350 ఇంజను, టీహెచ్350 గేర్‌బాక్స్ తీసేసి, సిల్వరాడోలో వచ్చే 5.3 లీటర్ల ఇంజను, 4ఎల్60ఈ గేర్‌బాక్స్ వేశాం. ఇంజను అదే, గేర్‌బాక్స్ అదే, యాక్సిల్ రేషియో (చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె) కూడా అదే. కానీ డ్రైవ్‌షాఫ్ట్ దగ్గరకొచ్చేసరికి ఇద్దరికీ వేరువేరు జవాబులు వచ్చాయి. ఆ తేడా ఎందుకొచ్చిందో అర్థమైతే మీ బండికి ఏది కావాలో మీకే తెలిసిపోతుంది.

మన ఊళ్లలో లారీ మెకానిక్కులు డ్రైవ్‌షాఫ్ట్‌ని ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు, రెండు చివర్ల ఉండే యూనివర్సల్ జాయింటుని క్రాస్ అంటారు. నేనూ ఇక్కడ క్రాస్ అనే రాస్తాను, చిన్న మాట, నోటికి తేలిక.

అందరూ మొదట అడిగే ప్రశ్న "ఉక్కుదా, అల్యూమినియందా?" అని. అది మూడో ప్రశ్న. మొదటిది షాఫ్ట్ ఎంత పొడవు, రెండోది ఎంత వేగంగా తిరుగుతుంది.

షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతుంది

లెక్క సులువే. గంటకి ఎన్ని మైళ్లో ఆ అంకెని యాక్సిల్ రేషియోతో, 336తో గుణించి, టైరు ఎత్తుతో (అంగుళాల్లో) భాగిస్తే షాఫ్ట్ ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో) వస్తుంది. టైరు 28 అంగుళాలదైతే ఇంకా సులువు, 336ని 28తో భాగిస్తే సరిగ్గా 12. అంటే వేగం × రేషియో × 12. మా రెండు బండ్లకీ 28 అంగుళాల టైర్లే, రేషియో 3.73. 70 మైళ్ల దగ్గర షాఫ్ట్ సుమారు 3130 సార్లు తిరుగుతుంది.

చాలామంది పొరపడేది ఇక్కడే. "ఇప్పుడు ఓవర్‌డ్రైవ్ ఉందిగా, అన్నీ నెమ్మదిగా తిరుగుతాయి" అనుకుంటారు. నెమ్మదించేది ఇంజనొక్కటే. ఓవర్‌డ్రైవ్ అంటే ఇంజను కన్నా షాఫ్ట్ వేగంగా తిరిగే పై గేరు. అది 0.70 కాబట్టి అదే 70 దగ్గర ఇంజను 2200 లోపే ఉంటుంది, షాఫ్ట్ మాత్రం 3130 దగ్గరే ఉంటుంది. షాఫ్ట్ వేగాన్ని తేల్చేవి టైరూ, యాక్సిలూ. గేర్‌బాక్స్‌లో ఏ గేరు పడిందన్న సంగతి దానికి పట్టదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఓవర్‌డ్రైవ్ వచ్చింది కదా అని చాలామంది వెనక క్రౌన్ పినియన్ (యాక్సిల్ లోపలి పళ్ల చక్రాల జత) కూడా మార్చేస్తారు, పికప్ బాగా లాగుతుందని. నా బండికి మొదట్లో 3.07 ఉండేది. దాంతో 70 దగ్గర షాఫ్ట్ 2580 మాత్రమే తిరిగేది. 3.73 వేశాక అదే వేగానికి 550 పెరిగింది. 4.10 వేసుంటే 3440 అయ్యేది. అంటే ఇంజను ప్రశాంతంగా నడవాలని చేసిన మార్పు షాఫ్ట్‌ని మరింత పరిగెత్తిస్తోందన్నమాట. పైగా టెక్సాస్‌లో ఆస్టిన్, సెగీన్ మధ్య ఎస్‌హెచ్ 130 అనే హైవే మీద 85 మైళ్ల వేగానికి అనుమతి ఉంది. అక్కడ 3.73తో షాఫ్ట్ 3800 దాటుతుంది.

ఒక ముక్కా, రెండు ముక్కలా

పొడుగాటి గొట్టం ఏదైనా ఒక వేగం దాటాక మధ్యలో విల్లులా వంగి ఊగడం మొదలుపెడుతుంది. దాన్నే క్రిటికల్ స్పీడ్ అంటారు. బ్యాలెన్స్ ఎంత బాగా చేయించినా ఆ వేగం దగ్గర షాఫ్ట్ నిలవదు. మొదట వణుకుతుంది, మొండిగా అక్కడే నడిపితే గేర్‌బాక్స్ తోకని పగలగొడుతుంది. క్రిటికల్ స్పీడ్ పొడవు వర్గానికి విలోమంగా ఉంటుంది. అర్థం ఏమిటంటే, పొడవు సగమైతే ఆ వేగం నాలుగు రెట్లవుతుంది. పొడవు కొంచెం పెరిగినా హద్దు చాలా కిందికి దిగుతుంది.

1967 నుంచి 1972 దాకా వచ్చిన సీ10లో పొట్టి బెడ్ బండికి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 115 అంగుళాలు, పొడుగు బెడ్‌కి 127. పన్నెండంగుళాలే తేడా. ఒకే ముక్క షాఫ్ట్ వేస్తే మా ఫ్రెండ్ బండికి 58 అంగుళాలు, నాకు 70. గొట్టం గోడ 0.083 అంగుళాల మందం ఉన్న ఉక్కుదనుకుని లెక్కేశాను. వచ్చిన క్రిటికల్ స్పీడ్‌లో ముప్పాతిక భాగానికి మించి ఎప్పుడూ వెళ్లకూడదని నేను పెట్టుకున్న నియమం. కాగితం మీది అంకె ఎప్పుడూ కొంచెం ఆశావాదే, ఎందుకంటే యోక్‌లూ (క్రాస్‌ని పట్టుకునే రెండు కొమ్ముల ముక్కలు), బేరింగులూ లెక్కలో అనుకున్నంత గట్టిగా పట్టుకోవు.

58 అంగుళాల పొడవుకి మూడంగుళాల వ్యాసం ఉన్న గొట్టమైతే సురక్షితమైన హద్దు 4360 ఆర్‌పీఎమ్ చుట్టూ, మూడున్నర అంగుళాలదైతే 5100 చుట్టూ వచ్చింది. ఎస్‌హెచ్ 130 మీద 85లో వెళ్లినా ఏ టెన్షన్ లేదు. అదే 70 అంగుళాలకి మూడంగుళాల గొట్టమైతే హద్దు 2990. అంటే నా బండి 67 మైళ్లకే గీత దాటేస్తుంది! మూడున్నర అంగుళాలదైతే 3500, అంటే 78 మైళ్లు. నాలుగంగుళాల ఉక్కు గొట్టమైతే 4020, దాదాపు 90 మైళ్లు.

మా ఫ్రెండ్‌కి అక్కడితో ఆలోచన అయిపోయింది: ఒకే ముక్క, మూడున్నర అంగుళాల ఉక్కు. సెంటర్ బేరింగ్ లేదు, మూడో క్రాస్ లేదు, చెడిపోవడానికి ఏమీ లేదు. పొట్టి బెడ్ ఉన్నవాళ్లు ఇంకేమీ ఆలోచించక్కర్లేదని నా ఉద్దేశం.

పొడుగు బెడ్ బండికి నాలుగంగుళాల గొట్టం ఒకే ముక్కగా వేసుకోవచ్చుగా అని నేనూ అనుకున్నాను. లెక్కలో కుదురుతుంది, ఇబ్బందల్లా చోటుతోనే. నా బండిని వెనక నాలుగంగుళాలు దించాను. యాక్సిల్ పైకొచ్చిన కొద్దీ షాఫ్ట్ మధ్యభాగం క్రాస్‌మెంబర్‌కి (ఛాసిస్‌కి అడ్డంగా ఉండే కమ్మీకి) దగ్గరవుతుంది. లావు గొట్టమైతే స్పీడ్ బ్రేకర్ మీద "ఠంగు"మని తగిలే ప్రమాదం ఉంది. క్రాస్‌మెంబర్ కోసి, వంచి, మళ్లీ వెల్డింగ్ చేసేవాళ్లున్నారు. నాకు ఆ పని ఇష్టం లేకపోయింది.

అందుకని రెండు ముక్కలకే ఓటేశాను. ఇంటర్నెట్‌లో రెండు ముక్కల షాఫ్ట్ అంటే పాతకాలం చెత్త అన్నట్టు మాట్లాడతారు గానీ, విజయవాడ ఆటోనగర్‌లో ఏ లారీ కిందకి వంగి చూసినా మధ్యలో సెంటర్ బేరింగ్ కనిపిస్తుంది. పొడవు ఎక్కువైనప్పుడు విరిచి మధ్యలో ఊతం ఇవ్వడం కన్నా తేలికైన ఉపాయం ఎవరికీ తట్టలేదు. నా షాఫ్ట్‌లో పొడవైన ముక్క 40 అంగుళాలు. మూడంగుళాల గొట్టంతోనే దాని క్రిటికల్ స్పీడ్ 12,000 దాటుతుంది. ఆ గొడవ శాశ్వతంగా తీరిపోయింది.

బదులుగా కొన్ని బాధ్యతలు నెత్తిన పడతాయి. సెంటర్ బేరింగ్ చుట్టూ ఉండే రబ్బరు కాలంతో పాటు ఎండిపోయి చిరుగుతుంది. అది చిరిగితే బండి కదిలేటప్పుడు కింద నుంచి దడదడమంటుంది. రెండు ముక్కలూ కలిసేచోట పళ్లు ఒక్కటి తేడాగా కూర్చున్నా యోక్‌లు ఒక వరసలో ఉండవు, అప్పుడు ఎంత మంచి షాఫ్టైనా వణుకుతుంది. విప్పే ముందు రెండు ముక్కల మీదా పెయింటుతో ఒక గీత గీసుకుంటే ఈ బాధ ఉండదు.

ఉక్కా, అల్యూమినియమా

అల్యూమినియం తేలిక కాబట్టి ఎక్కువ వేగం తట్టుకుంటుందని ఒక నమ్మకం. సగమే నిజం. క్రిటికల్ స్పీడ్‌ని నిర్ణయించేది గట్టిదనానికీ బరువుకీ ఉన్న నిష్పత్తి. అల్యూమినియం ఉక్కులో మూడో వంతు బరువు, గట్టిదనం కూడా దాదాపు మూడో వంతే. నిష్పత్తి ఇంచుమించు సమానం. అందుకే 70 అంగుళాల పొడవులో, నాలుగంగుళాల వ్యాసంలో 0.125 గోడ ఉన్న అల్యూమినియం షాఫ్ట్‌కి నా లెక్కలో హద్దు 3930 వచ్చింది. ఉక్కుకన్నా ఒక పిసరు తక్కువే! అల్యూమినియం షాఫ్టులు ఎక్కువ వేగానికి పనికొస్తాయన్న పేరు ఎలా వచ్చిందంటే, వాటిని సాధారణంగా లావు గొట్టంతో చేస్తారు. పని చేసేది లావు.

తేలిక అన్నది మాత్రం నిజమే. అదే 70 అంగుళాలకి ఉక్కు గొట్టం 20 పౌన్లు తూగితే అల్యూమినియం 10 పౌన్లు తూగుతుంది. పది పౌన్లు తగ్గితే మీకు తెలుస్తుందా? డ్రాగ్ స్ట్రిప్ మీద స్టాప్‌వాచ్‌కి తెలుస్తుందేమో. పైగా ఆ బరువు ఇరుసు మీదే, సన్నటి వ్యాసంలో తిరుగుతోంది, చక్రం బరువు తగ్గించినంత ఫలితం దీనికి రాదు. అసలైన లాభం ఇంకొకటి: బ్యాలెన్స్‌లో చిన్న తేడా ఉన్నా బరువు తక్కువ కాబట్టి వణుకు తక్కువగా అందుతుంది. లోపల కూర్చున్నవాళ్లకి బండి కొంచెం నున్నగా అనిపిస్తుంది.

నష్టాలూ ఉన్నాయి. జాక్ స్టాండ్ జారి తగిలితే ఉక్కు మీద గీత పడేచోట అల్యూమినియం సొట్టపడుతుంది. సొట్ట పడిన గొట్టాన్ని మార్చాల్సిందే, సాగదీసి వాడకూడదు. ఉక్కు క్రాస్ కప్పులు (క్రాస్ కొనలకి తొడిగే బేరింగు మూతలు) అల్యూమినియం యోక్‌లో కూర్చుంటాయి కాబట్టి, చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలో రెండూ కలిసి తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పూత వేసిన క్రాస్‌లు అడిగి వేయించుకోవాలి. మిషిగన్, షికాగో వైపు ఉండేవాళ్లు పాత పికప్‌ని చలికాలంలోనూ రోజూ నడుపుతామంటే నేను ఉక్కే వేసుకోమంటాను. టెక్సాస్‌లో ఆ బెంగ లేదు.

కార్బన్ ఫైబర్ సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. నిష్పత్తి పరంగా నిజంగా మెరుగైనది అదొక్కటే, అందుకే పొడవైన ఒకే ముక్క షాఫ్ట్‌ని సన్నగా చేయడానికి వీలవుతుంది. కానీ ఆ డబ్బుతో నా బండి మొత్తానికి బ్రేకులు మార్పించుకోవచ్చు.

క్రాస్ సైజు

మార్కెట్లో మీకు తరచూ వినిపించే అంకెలు 1310, 1330, 1350. 1310 కప్పు వ్యాసం 1.062 అంగుళాలు. 1330కి కప్పు అదే, వెడల్పు మాత్రం ఎక్కువ. 1350 ఆ వెడల్పులోనే 1.188 అంగుళాల లావు కప్పుతో వస్తుంది. పాత జీఎమ్ షాఫ్టుల్లో ఇవేవీ కాకుండా జీఎమ్ సొంత రకం క్రాస్‌లు ఉంటాయి. కొన్నిటిలో క్లిప్పు లోపలివైపు ఉంటుంది, కొన్నిటిలో క్లిప్పే ఉండదు, ఫ్యాక్టరీలో కరిగించి పోసిన ప్లాస్టిక్కే కప్పుల్ని పట్టి ఉంచుతుంది. వాటిని విప్పాలంటే వేడి చేసి ప్లాస్టిక్ కరిగించాలి. మొదటిసారి చూసినవాళ్లు సుత్తితో కొట్టి యోక్ పాడు చేస్తారు.

ఎంత పెద్దది కావాలన్నది ఇంజను హార్స్‌పవర్‌ని బట్టి తేల్చకండి. షాఫ్ట్ మీద పడేది మొదటి గేరు గుణించి ఇచ్చిన టార్క్. టీహెచ్350లో మొదటి గేరు 2.52, 4ఎల్60ఈలో 3.06. అదే ఇంజను ఉంచి గేర్‌బాక్స్ ఒక్కటి మార్చినా షాఫ్ట్ మీద బరువు ఐదో వంతు పెరుగుతుంది. 4ఎల్80ఈ వేస్తే 2.48 కాబట్టి పాతదానికన్నా కొంచెం తగ్గుతుంది, గేర్‌బాక్స్ మాత్రం దానికన్నా గట్టిది.

ఇక్కడ పికప్‌కి ఒక అదృష్టం ఉంది. ఖాళీ బెడ్‌తో వెనక బరువు తక్కువ. గట్టిగా తొక్కితే టైర్లు జారిపోతాయి, షాఫ్ట్ మీద పూర్తి టార్క్ పడే అవకాశమే రాదు. మామూలు టైర్లతో, మామూలు 5.3 ఇంజనుతో 1310 చాలు, 1330 ఉంటే ఇంకా నిశ్చింత. ట్రైలర్ లాగుతారా, రేసు టైర్లు వేస్తారా, టర్బో పెడతారా, అప్పుడు 1350 అడగండి. పడవ లాక్కుంటూ రేవు వాలు ఎక్కేటప్పుడు టైరు జారదు, బరువంతా క్రాస్ మీదే. ఆ పని రోజూ ఉన్నవాళ్లు క్రాస్ దగ్గర పొదుపు చేయకూడదు.

ముందు క్రాస్ ఒక సైజు, వెనక పినియన్ యోక్ ఇంకో సైజు అయితే రెండు సైజులు కలిపిన కన్వర్షన్ క్రాస్‌లు దొరుకుతాయి. పని చేస్తాయి. కానీ రోడ్డు మధ్యలో పాడైతే ఏ షాపులోనూ షెల్ఫ్ మీద ఉండవు. నేనైతే పినియన్ యోక్ మార్చేస్తాను.

గేర్‌బాక్స్ వైపు యోక్ కూడా చూసుకోవాలి. టీహెచ్350, 700ఆర్4, 4ఎల్60ఈ మూడింటికీ 27 పళ్ల యోక్ ఒకటే. కాబట్టి మాకు పాత యోకే సరిపోయింది. టీహెచ్400, 4ఎల్80ఈలకి 32 పళ్లు, 27 పళ్ల యోక్ వాటికి పనికిరాదు. ఫోర్డ్ ఎఫ్-100 వాళ్లయితే సీ4, ఏఓడీ గేర్‌బాక్సులకి 28, సీ6కి 31 అని గుర్తుపెట్టుకోవాలి. పాత యోక్ వాడేముందు సీల్ తగిలేచోట గోరుతో గీరి చూడండి. గాడి తగిలితే కొత్త సీల్ వేసినా ఆయిల్ కారుతుంది.

పాతది కోయించడమా, కొత్తది చేయించడమా

పాత షాఫ్ట్ గొట్టం నిటారుగా, సొట్ట లేకుండా ఉండి, పొట్టి చేయాల్సి ఉంటే కోయించి మళ్లీ వెల్డ్, బ్యాలెన్స్ చేయించడం అన్నిటికన్నా చవక. టీహెచ్350లో తోక ఆరంగుళాలదీ, తొమ్మిదంగుళాలదీ రెండూ వచ్చేవి. ఆరంగుళాల తోక ఉన్నది తీసి 4ఎల్60ఈ వేస్తే మొత్తం పొడవు సుమారు మూడంగుళాలు పెరుగుతుంది, షాఫ్ట్ ఆ మేరకు పొట్టి కావాలి. తొమ్మిదంగుళాలదైతే పొడవులు దాదాపు సమానం, ఇంజను పాత చోటే కూర్చుంటే షాఫ్ట్ ముట్టుకోకుండానే సరిపోవచ్చు. పొడుగు చేయాల్సొస్తే మాత్రం గొట్టం మొత్తం మార్చాలి, అతుకులు పెట్టించుకోకండి.

జంక్‌యార్డ్‌లో ఇంకో బండి షాఫ్ట్ తెచ్చి కోయించడం మూడో దారి. చవగ్గా లావు అల్యూమినియం గొట్టం దొరికితే బాగానే ఉంటుంది. అయితే ముందే బ్యాలెన్స్ షాపుకి ఫోన్ చేసి అల్యూమినియం వెల్డ్ చేస్తారో లేదో కనుక్కోండి. అందరూ చేయరు.

కొలత ఎప్పుడు తీయాలి

అన్నీ అయ్యాక. నేను చేసిన తప్పు ఇదే. ఇంజను మౌంట్లు బిగించాను, గేర్‌బాక్స్ క్రాస్‌మెంబర్ బిగించాను, కొలత ఇచ్చి షాఫ్ట్ చేయించాను. వారం తర్వాత చూస్తే ఆయిల్ పాన్ ముందు క్రాస్‌మెంబర్‌కి తగులుతోంది. ఇంజను ఒక అంగుళం వెనక్కి జరపాల్సొచ్చింది. కొత్త షాఫ్ట్ ఒక అంగుళం ఎక్కువైపోయింది. మళ్లీ కోత, మళ్లీ వెల్డ్, మళ్లీ బ్యాలెన్స్, మళ్లీ డబ్బు. తప్పు ఎవరి మీదా తోయలేను.

బండి బరువు టైర్ల మీద ఉండాలి. యాక్సిల్ వేలాడుతున్నప్పుడు తీసిన కొలత పనికిరాదు. స్లిప్ యోక్ (గేర్‌బాక్స్ తోకలో ముందుకీ వెనక్కీ జారే యోక్) ఉన్న బండికి గేర్‌బాక్స్ సీల్ అంచు నుంచి పినియన్ యోక్‌లో క్రాస్ కప్పు మధ్య దాకా కొలవాలి. యోక్ పూర్తిగా లోపలికి తోసి, అక్కడ నుంచి ముప్పావు నుంచి ఒక అంగుళం బయటికి లాగిన స్థితిలో షాఫ్ట్ కూర్చోవాలి. సస్పెన్షన్ ఆడినప్పుడు యోక్‌కి ఆ మేరకు చోటు కావాలి.

కోణాలు కూడా అప్పుడే చూసుకోవాలి, ఫోన్‌లో యాప్ చాలు. గేర్‌బాక్స్ తోక మూడు డిగ్రీలు కిందికి ఉంటే పినియన్ ముక్కు మూడు డిగ్రీలు పైకి, రెండూ సమాంతరంగా ఉండాలి. ఒక్కో క్రాస్ దగ్గర వంపు ఒకటి నుంచి మూడు డిగ్రీల మధ్య ఉంటే మంచిది. పూర్తిగా సున్నా అయితే లోపలి నీడిల్ బేరింగులు కదలక ఒకేచోట అరుగుతాయి. కమాన్ కట్టలున్న బండికి పినియన్‌ని ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచుతారు, తొక్కినప్పుడు కట్టలు మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి. సీ10లో కాయిల్ స్ప్రింగులకి పొడుగాటి ట్రెయిలింగ్ ఆర్మ్స్ (యాక్సిల్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే చేతులు) ఉంటాయి. బండి దించితే ఆ ఆర్మ్స్‌తో పాటు పినియన్ కూడా తిరుగుతుంది. నా బండికి వణుకు వచ్చింది ఇందుకే, షాఫ్ట్ వల్ల కాదు. అది తెలియక ముందు టైర్లు రెండుసార్లు బ్యాలెన్స్ చేయించాను.

వణుకు ఎక్కడిదో తేల్చుకోవడానికి ఒక చిట్కా. 65 దగ్గర వణుకుతుంటే అదే వేగంలో ఓవర్‌డ్రైవ్ తీసేయండి. ఇంజను ఆర్‌పీఎమ్ పెరుగుతుంది, షాఫ్ట్‌ది మారదు. వణుకు మారకపోతే ఇంజనుకి సంబంధం లేదు. తర్వాత చెవి పెట్టి వినండి. 65లో టైరు సెకనుకి 13 సార్లు తిరుగుతుంది, ఆ వణుకు సీటు ఊపుతున్నట్టు ఉంటుంది. షాఫ్ట్ 48 సార్లు తిరుగుతుంది, అది కాళ్ల కింద తుమ్మెద ఝుమ్మన్నట్టు ఉంటుంది. క్రాస్ కోణం తేడా అయితే దానికి రెట్టింపు, ఇంకా సన్నటి రొద.

షాపుకి వెళ్లేటప్పుడు కొలతతో పాటు టైరు ఎత్తు, యాక్సిల్ రేషియో, మీరు వెళ్లే గరిష్ఠ వేగం కాగితం మీద రాసి తీసుకెళ్లండి. బ్యాలెన్స్ ఎన్ని ఆర్‌పీఎమ్ దగ్గర చేస్తారని అడగండి. మీ హైవే వేగంలో షాఫ్ట్ 3300 తిరుగుతున్నప్పుడు 1000 దగ్గర చేసిన బ్యాలెన్స్‌తో లాభం లేదు. అవతలివాళ్లు ఈ అంకెలేవీ అడక్కుండా "పొడవు చెప్పండి, రేపు తీసుకెళ్లండి" అంటే, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంకో షాపుకి వెళ్లండి.